‘ఏ గ్రౌండు?’ అని అడిగే కొట్టు

ఫుట్‌బాల్ బూట్లూ బంతులూ బాగుచేసే ఈ కొట్టుకి పేరు రాయలేకపోతున్నాను. రేకు బోర్డు మీద అక్షరాలన్నీ ఎండకీ ఉప్పుగాలికీ రాలిపోయి చివర ‘ర్ట్స్’ ఒకటే మిగిలింది. ఓనరుగారిని అడిగితే "పేరెందుకమ్మా, బంతులు కనపడతన్నాయి కదా" అన్నారు. విశాఖలో దొండపర్తి నుంచి రైల్వే న్యూ కాలనీ వైపు వెళ్ళే సందుల్లో, సైకిల్ రిపేరు షాపుని ఆనుకుని ఉంటుంది. గుమ్మం మీద వలలో ఫుట్‌బాల్స్ వేలాడుతుంటే అదే. ఫోన్ మ్యాపులో వెతక్కండి, దొరకదు.

నేనక్కడికి వెళ్ళడానికి కారణం మా అమ్మాయి బూటు. ఎనిమిదో తరగతి, స్కూలు ఫుట్‌బాల్ టీములో రైట్ బ్యాక్ ఆడుతుంది. మార్చిలో ఓ మాల్లో 4,200 పెట్టి కొన్న బూట్లు జూలైకల్లా ముందుభాగం మొసలి నోరులా తెరుచుకున్నాయి. కొన్నచోటికి తీసుకెళ్తే, కుట్టు ఊడితే వారంటీ ఉంది గానీ గమ్ము ఊడితే లేదన్నారు. ఆ బూటుకి అసలు కుట్టే లేదు, మొత్తం గమ్మే. ఈ లెక్క నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. ఇంటి దగ్గర చెప్పులు కుట్టే ఆయన ఏదో పూసి ఇచ్చాడు, రెండు రోజులు ఆగింది. చివరికి స్కూల్లో పీఈటీ సారు ఈ కొట్టు గుర్తులు చెప్పారు.

కొట్టు వెడల్పు ఆరడుగులు ఉంటే గొప్ప. అరవై రెండేళ్ళ మనిషి, బక్కపల్చగా, ఎడమ మోకాలు పూర్తిగా వంగక కాలు కాస్త విసురుతూ నడుస్తారు. బూటు చేతిలోకి తీసుకున్నారు. ఎక్కడ కొన్నారని గానీ, ఎంతకి కొన్నారని గానీ అడగలేదు.

"ఏ గ్రౌండు?" అన్నారు.

"మధురవాడ దగ్గర టర్ఫ్ అండీ. గంటకింతని అద్దెకిస్తారు కదా, అక్కడ."

"ప్లాస్టిక్కు గెడ్డా?" అని బూటు తిరగేసి, అడుగున పొడుచుకొచ్చిన స్టడ్‌లు నాకు చూపించారు. "ఇవి నేల్లో దిగడానికి సేసినవమ్మా. పచ్చిక మీద దిగుతాయి, మళ్ళీ ఒదిలేస్తాయి. ఆ తివాసీలో అయితే ఇరుక్కుంటాయి. పిల్ల గిర్రున తిరిగిందనుకో, కాలు తిరుగుతాది, బూటు తిరగదు. మద్దిలో మోకాలు నలిగిపోతాది."

టర్ఫ్‌కి అడుగంతా చిన్న చిన్న రబ్బరు బొడిపెలుండే రకం వేసుకోవాలట, తొమ్మిదొందల్లో వస్తాయట. ఓహో, ఇప్పుడు అమ్మకం మొదలైంది అనుకున్నాను. "మీ పిల్ల సైజు నా దగ్గర లేదు, జగదాంబ ఏపు సూడండి" అన్నారు. అమ్మకం అక్కడితో ముగిసింది. పాత బూట్లని పచ్చిక గ్రౌండు కోసం బాగుచేసి ఇస్తానన్నారు.

ఆ పని నేను కూర్చుని చూశాను కాబట్టి రాస్తాను, ఎందుకంటే చాలామంది చేసే తప్పు ఇందులోనే తెలిసింది. ఊడిన చోట కొత్త గమ్ము వెంటనే పూయరు. ముందు పాత గమ్మంతా గీకి తీసేశారు. అదే పావుగంట పట్టింది. తర్వాత రెండు వైపులా గరుకు కాయితంతో రుద్ది, స్పిరిటు గుడ్డతో తుడిచి, రెండు వైపులా పల్చగా సొల్యూషన్ పూసి పక్కన పెట్టేశారు. తడి మీద అంటించకూడదట. వేలు పెడితే అంటుకోనంత వరకూ ఆరాక, కొంచెం వేడి చూపించి అప్పుడు నొక్కారు. మా ఇంటి దగ్గరాయన తడి మీదే అంటించేశాడు. ఇదంతా అయ్యాక, కంపెనీవాళ్ళు వెయ్యని కుట్టు ఈయన వేశారు. సోలు అంచు చుట్టూ సన్నటి గాడి కోసి, మైనం పట్టించిన నైలాన్ దారంతో, దారం గాడిలో కూరుకుపోయేట్టు. నేల రాసుకున్నా దారం తెగదు. ఇరవై నాలుగు గంటలు బరువు కింద పెట్టాలన్నారు. రెండు బూట్లకీ కలిపి 280 రూపాయలు. రెండోది ఊడలేదు కదా అంటే, "ఊడుతాది" అన్నారు.

రసీదు కింద పాత క్యాలెండరు కాయితం ముక్క ఇచ్చారు. నా పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. ‘మధురవాడ – కుడి – గెడ్డి కాదు’ అని ఉంది. ఈ కొట్టులో మనుషులకి పేర్లుండవు, గ్రౌండ్లుంటాయి. నా ముందు వచ్చిన కుర్రాణ్ణి "ఏయ్ పోర్టు స్టేడియం" అని పిలిచారు.

ఆ బూట్లతో సెప్టెంబరు నుంచి ఆడుతోంది. సోలు ఇప్పటికి కదల్లేదు. రెండో వైపు స్టడ్‌లు అరిగిపోయాయి గానీ కుట్టు అలాగే ఉంది.

రెండోసారి బంతి కోసం వెళ్ళాను. మా వీధి సైకిల్ షాపులో గాలి కొట్టిస్తే ప్రతి రెండు రోజులకీ దిగిపోతోంది. ఆయన బంతిని చెవి దగ్గర పెట్టుకుని, వాల్వు మీద ఉమ్మి రాసి బుడగ చూసి, నన్ను దోషిని చూసినట్టు చూశారు. "పొడి సూది గుచ్చినారా?" గుచ్చాం. పంపు సూదిని తడపకుండా గుచ్చితే లోపల వాల్వు రబ్బరు చిరిగిపోతుందట. నీళ్ళయినా సరే, ఒక చుక్క గ్లిజరిన్ అయితే మరీ మంచిది. నాలుగు బంతులు కొన్నాం ఇప్పటికి, ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

బ్లాడర్, అంటే బంతి లోపలి గాలి తిత్తి, మార్చడం చూడదగ్గ పని. చేతికుట్టు బంతిలో 32 ముక్కలుంటాయి, ఐదు మూలలవి పన్నెండు, ఆరు మూలలవి ఇరవై. ఒక అతుకు దగ్గర కొన్ని కుట్లు విప్పి, పాత బ్లాడరు లాగేసి, కొత్తది మడిచి దూర్చి, మళ్ళీ కుట్టాలి. ఫ్యాక్టరీలో అయితే బంతిని తిరగేసి లోపలి నుంచి కుడతారు. ఈయన మూసే కుట్లు బయట నుంచే వెయ్యాలి, పైగా దారం కనపడకూడదు. రెండు సూదులు ఒకే కంతలోంచి ఎదురెదురుగా పోనిచ్చి లాగారు. ఏ అతుకు విప్పారో తర్వాత నేను వెతికినా దొరకలేదు. 190 రూపాయలు, బ్లాడరుతో కలిపి. రబ్బరు పాల బ్లాడరు బాగా ఎగురుతుంది గానీ గాలి తొందరగా దిగిపోతుందనీ, పిల్లలకి బ్యూటైల్ రకమే నయమనీ చెప్పి అదే వేశారు.

గాలి కొట్టాక బొటనవేలితో నొక్కి "సాలు" అన్నారు. మా ఆయన ఇలాంటివి నమ్మరు. ఇంట్లో గేజీ పెట్టి చూశారు, 9 పీఎస్ఐ వచ్చింది. రూల్సు ప్రకారం 8.5 నుంచి 15.6 దాకా ఉండొచ్చు. అంచు మీద ఉందే అని మా ఆయన, గట్టి నేల మీద ఆడే పిల్లకి అంతకన్నా కొడితే మడమకి దెబ్బ అని ఓనరుగారు. నేను ఓనరుగారి వైపు. పాపం మా ఆయన తలకాయతో ఎప్పుడైనా బంతి కొట్టి ఉంటేగా.

ఇక అసలు సంగతి. ఈయన తన ఆట గురించి చెప్పుకునే మనిషి కాదు. గోడ మీద ఫోటో లేదు, కప్పు లేదు. కానీ ఏ రిపేరు చేస్తున్నా ఒక ఊరి పేరు జారిపడుతుంది. ఏడెనిమిదిసార్లు వెళ్ళేసరికి ఆ ఊళ్ళన్నీ ఒక దారంలోకి వచ్చాయి.

పుట్టింది జ్ఞానాపురంలో, పెద్ద చర్చికి కూతవేటు దూరం. ఆట మొదలైంది రైల్వే గ్రౌండులో. 1982కి పద్దెనిమిదేళ్ళు. అప్పటి నుంచి పదమూడు పద్నాలుగేళ్ళు, ఎవరు పిలిస్తే వాళ్ళ టీముకి. లెఫ్ట్ బ్యాక్. "ఎడంకాలోడికి ఎక్కడయినా అన్నం పెట్టీవోళ్ళమ్మా. కుడికాలోళ్ళు ఊరికి వందమంది." ఎన్ని టీములని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి పదిహేడు దగ్గర ఆగి, ఒక టీము రెండుసార్లు వచ్చిందా అని తనలో తనే తర్కించుకున్నారు.

కిరండూల్ పాసింజరెక్కి గనుల ఊళ్ళకి వెళ్ళేవారట. ఇనప ఖనిజం మట్టి, ఎర్రగా. ఆ మేజోళ్ళు ఎన్ని ఉతుకులు ఉతికినా తెల్లబడలేదట. గట్టి నేల కాబట్టి పొడుగు స్టడ్‌లేస్తే కంకర మీద నడిచినట్టుంటుంది. అందుకని పాత సైకిల్ టైరు కోసి అడుగుకి కుట్టుకునేవారు. కుట్టుపని అలా చేతికొచ్చింది. "బూట్లు కొనే డబ్బులేవి? ఒక్క జత. అదే కిరండూల్‌లో, అదే కలకత్తాలో. గ్రౌండు మారితే బూటు అడుగు మార్సీవోడిని." మొదటిరోజు ఆయన అడిగిన ‘ఏ గ్రౌండు’కి అర్థం నాకు అక్కడ తెలిసింది.

కలకత్తాలో ఒక్క సీజను, కింది డివిజన్లో. అక్కడి లీగు వానాకాలంలో జరుగుతుంది. మైదాన్ అంతా బురద. పొడుగు స్టడ్‌లు తోలువి, మేకులతో కొట్టినవి. సగం ఆటకి తోలు నాని మేకు పైకొచ్చి పాదంలో గుచ్చుకునేది. ఇంటర్వెల్లో అందరూ నీళ్ళు తాగుతుంటే ఈయన రాయి తీసుకుని మేకులు కొట్టుకునేవారు. మోహన్ బగాన్ టీము 1911లో ఐఎఫ్ఏ షీల్డు గెలిచినప్పుడు ఒక్కరు తప్ప అందరూ ఉత్త కాళ్ళతో ఆడారని ఆ ఊళ్ళో టీ కొట్టువాళ్ళు కూడా చెబుతారట. "ఆ మేకులు సూశాక నాకూ అదే మంచిదనిపించింది" అన్నారు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా చలిలో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడాకే మనదేశంలో బూట్లు తప్పనిసరి చేశారన్నది మాత్రం చాలా సీరియస్‌గా చెప్పారు, ఆ పది గోల్సూ తన కొట్టు తెరవడానికే పడ్డట్టు.

లీగులో డబ్బులు రాలేదు. వచ్చింది ‘ఖేప్’లో. బెంగాల్లో ఆ మాట ఆటగాళ్ళందరికీ తెలుసు. ఏదో పల్లెలో టోర్నమెంటు, ఒక్క మ్యాచికి కూలి మాట్లాడుకుని తీసుకెళ్తారు. అలాగే ఒక వేసవి మలప్పురం. అక్కడ సెవెన్స్ ఆడతారు, జట్టుకి ఏడుగురు, కోత అయిపోయిన వరిచేలల్లో, రాత్రిపూట లైట్లేసి, వెదురు గ్యాలరీల నిండా జనం. ఫెడరేషను గుర్తింపు లేని ఆట. అందుకని రిజిస్టరయిన ఆటగాళ్ళు వేరే పేర్లతో దిగేవారు. ఈయన రిజిస్టరయిందీ లేదు, అయినా వేరే పేరే పెట్టారట. "అందరికీ పెడతన్నారు, నాకూ పెట్టీసారు." వరిదుబ్బుల మీద ఏ స్టడ్ మంచిది అని అడిగాను. "దుబ్బు కనపడితే కాలు ఎత్తడం మంచిది" అన్నారు.

ఈ పేర్ల సంగతి నాకు పూర్తిగా తెలిసింది మా నాన్న వల్ల. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. వాల్తేరు డివిజను సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉన్న రోజులు, హెడ్డాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో. 2003లో ఈస్ట్ కోస్ట్‌కి వెళ్ళింది, 2025లో పేరే విశాఖపట్నం డివిజనుగా మార్చాలని కేబినెట్ నిర్ణయించింది. నాన్న నోట్లో మాత్రం ఇప్పటికీ వాల్తేరే. డ్యూటీ దిగితే రైల్వే గ్రౌండుకి ఆట చూడ్డానికి వెళ్ళేవారు. నేను ఈ కొట్టు సంగతి చెప్పగానే "ఎడమకాలి కుర్రాడా? గీత దగ్గర నుంచి కొడితే రెండో పోస్టు దగ్గర పడేది బంతి, వాడేనా" అని ఒక పేరు చెప్పారు.

నేను సంబరంగా కొట్టుకెళ్ళి, మా నాన్నకి మీరు గుర్తున్నారండీ అని ఆ పేరు చెప్పాను. ఆయన బంతి పక్కన పెట్టారు.

"ఆ పేరు నాది కాదమ్మా. ఆ పేరుగలోడు ఆ యేడు కామెర్లతో మంచం మీద ఉన్నాడు. ఆడి కార్డు మీద నేనాడాను."

ఏదో డిపార్టుమెంటు టీము. ఏదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ టోర్నమెంటులో బాగా ఆడినందుకు ఇచ్చిన సర్టిఫికెట్టు కూడా ఆ కామెర్ల మనిషి పేరు మీదే వచ్చిందట. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కావాలంటే ఏ టోర్నమెంటులో, ఏ జట్టుకి ఆడారో కాయితం చూపించాలి. పదిహేడు టీములకి ఆడిన మనిషి దగ్గర సొంత పేరుతో ఉన్నవి రెండు. రెండూ పనికొచ్చే స్థాయివి కావు. కామెర్లాయనకి ఉద్యోగం వచ్చిందా అని అడిగాను. "ఒచ్చింది. మంచోడు. రిటైరయ్యాడు కూడా. ఈ కుట్టు మిషను ఆడే కొనిచ్చాడు" అని మూల ఉన్నదాన్ని చూపించారు.

1996 డిసెంబరులో నేషనల్ లీగ్ మొదలయ్యేనాటికి ఈయనకి ముప్పై రెండు, మోకాలు అప్పటికే అయిపోయింది. మొదటి లీగు గెలిచిన జేసీటీ టీముది పంజాబులో ఫగ్వారా, బంతులు తయారయ్యే జలంధర్ పక్కనే. ఆ లీగులో ఆడడానికి వెళ్ళాల్సిన వైపుకి ఈయన బంతులు కొనడానికి వెళ్ళారు. ఈ మాట ఆయనది కాదు, నాది. ఆయన అయితే జలంధర్లో లస్సీ బాగుంటుందని మాత్రమే చెప్పారు.

సరే, లోపాలు. పొగడ్తలే రాస్తే మా ఆయన ఊరుకోరు. ఒకటి, టైము. మంగళవారం అంటే గురువారం అనుకోండి. రెండు, ఊళ్ళో ఎక్కడ మ్యాచి ఉన్నా కొట్టు మూసేసి వెళ్ళిపోతారు. పోర్టు స్టేడియం అయినా, యూనివర్సిటీ గ్రౌండయినా, ఆఖరికి అండర్ ట్వెల్వ్ అయినా. షట్టరు మీద కాయితం కూడా అంటించరు. పక్క సైకిల్ షాపతన్ని అడిగితే "ఆటకెళ్ళారు" అంటాడు, చిన్నపిల్లాడి గురించి చెప్పినట్టు. నేను రెండుసార్లు ఆటో డబ్బులు దండగ చేసుకున్నాను. మూడు, ఆడపిల్లల సైజుల్లో బూట్లు దాదాపు ఏవీ ఉండవు. షిన్‌గార్డులు కూడా పెద్దవాళ్ళవే. ఇంతమంది ఆడపిల్లలు ఆడుతున్నారు కదండీ అని అడిగితే, తెప్పిస్తానన్నారు. తెప్పించలేదు. దీనికి మాత్రం నేను అరమార్కు కాదు, పూర్తి మార్కు తీసేస్తాను. ఐదుకి నాలుగు.

ఫోన్ పే ఉంది, స్కానరు డబ్బాలో గోలీల కింద ఎక్కడో ఉంటుంది, వెతకడానికి బద్ధకం కాబట్టి చిల్లర పట్టుకెళ్ళండి. ఉత్త గాలి కొట్టడానికి డబ్బులు తీసుకోరు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఉండరు. క్రికెట్ బ్యాటు తీసుకెళ్తే బాగుచేస్తారు గానీ మొహం మాడ్చుకుంటారు.

పోయిన ఆదివారం నాన్నని కూడా తీసుకెళ్ళాను. ఇద్దరూ కలిస్తే పాత మ్యాచిలు తవ్వుకుంటారనుకున్నాను. ఒక్క మ్యాచి మాటా రాలేదు. వానాకాలంలో రైల్వే గ్రౌండులో నీళ్ళు నిలిచే గుంట ఏ కార్నరు దగ్గర ఉండేదని మొదలుపెట్టారు. నాన్న షెడ్డు వైపంటారు. "తప్పు గార్డుగారూ, కోటర్స్ ఏపు. మీరు ఒడ్డున కూసున్నారు, నేనందులో పడ్డాను" అని ఈయన. నాన్న సుద్దముక్క అడిగి కొట్టు నేల మీద గ్రౌండు గీశారు. ఈయన గోలు పోస్టులు అటుదిటు చెరిపి గీశారు. సైకిల్ షాపతను కూడా పనాపి వచ్చి నిలబడ్డాడు. మా అమ్మాయి ఆ సుద్ద గ్రౌండులో రైట్ బ్యాక్ ఎక్కడ నిలబడాలో అడిగింది, దానికి ఇద్దరూ రెండు చోట్లు చూపించారు.

నేను తీసుకెళ్ళిన బంతి అలాగే గాలి లేకుండా బల్ల మీద ఉంది. మంగళవారానికి అవుతుందన్నారు. గురువారం వెళ్తాను.